ఏసీ కాయిల్ లీక్ టెస్టింగ్‌లో హీలియం రికవరీ: సిలిండర్ లెక్క నుంచి సెట్ పాయింట్ దాకా

లీక్ టెస్ట్‌లో వాడిన హీలియంను పారబోయకుండా వెనక్కి తీసుకునే రికవరీ మెషీన్ కొందామని వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "ఎంత శాతం వెనక్కి వస్తుంది?" 95 అంటే ముఖం కాస్త వాడుతుంది, 99 అంటే వెలుగుతుంది. నేను మాత్రం ముందు ఇంకోటి అడగమంటాను. హీలియం నింపే ముందు టెస్ట్ చేసే పీస్‌లోని గాలిని ఎంతవరకు లాగేస్తున్నారు? ఆ సంగతి చూసుకోకపోతే 99 శాతం మెషీన్, 95 శాతం మెషీన్ కంటే ఎక్కువ తిప్పలు పెడుతుంది. ఎలాగో అంకెలతోనే చూద్దాం.

ఉదాహరణకు ఏసీ కండెన్సర్ కాయిల్ తీసుకుంటున్నాను. శ్రీసిటీలో డైకిన్, బ్లూస్టార్ లాంటి కంపెనీల ప్లాంట్లు వచ్చాక ఏసీ తయారీ మన తెలుగు కుర్రాళ్లు చాలామందికి రోజువారీ పని అయింది. కాయిల్ అయినా, కంప్రెసర్ అయినా, కారు ఏసీ పైపు అయినా లెక్క వేసే పద్ధతి ఇదే.

టెస్ట్ గురించి రెండు మాటలు. కాయిల్‌ను ఛాంబర్‌లో పెడతారు. ఛాంబర్‌లోని గాలిని వాక్యూమ్ పంపు లాగేస్తుంది. కాయిల్‌లోకి హీలియం నింపుతారు. బ్రేజింగ్ జాయింట్‌లో (లోహం కరిగించి ట్యూబులు అతికినచోట) ఎక్కడైనా సన్నని రంధ్రం ఉంటే హీలియం ఛాంబర్‌లోకి వస్తుంది, మాస్ స్పెక్ట్రోమీటర్ అనే డిటెక్టర్ దాన్ని పట్టేస్తుంది. మామూలు గాలిలో హీలియం పది లక్షల పాళ్లకు సుమారు 5 పాళ్లే ఉంటుంది కాబట్టి అది కొంచెం బయటపడినా తెలిసిపోతుంది. ఏసీలో ఏడాదికి 5 గ్రాముల ఆర్134ఏ గ్యాస్ పోయే లీకు, సుమారు 4×10⁻⁵ మిల్లీబార్-లీటర్/సెకను. సబ్బు నురగతో కూర్చుని ఇలాంటిది పట్టడం అయ్యే పని కాదు.

ఈ హీలియంను మన దేశం దాదాపు మొత్తం దిగుమతే చేసుకుంటోంది. 2017లో ఖతార్ మీద పొరుగు దేశాలు దిగ్బంధం పెట్టినప్పుడు రాస్ లఫాన్‌లోని హీలియం ప్లాంట్లు కొన్నాళ్లు ఆగాయి. 2022 జనవరిలో రష్యాలోని అమూర్ ప్లాంట్‌లో పేలుడు జరిగింది. ఇలాంటిది ఎక్కడ జరిగినా కొన్ని వారాలకు మన పర్చేజ్ వాళ్ల ఫోన్లు మోగడం మొదలవుతుంది. హీలియం కథ మొదలైంది మాత్రం మన గుంటూరు మీదుగానే. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరు నుంచే పరిశీలించాడు. సూర్యకాంతిలోని కొత్త పసుపు గీత గురించి ఆ ఏడాది మొదలైన వెతుకులాటే హీలియం దాకా తీసుకెళ్లింది. గుంటూరులో పుట్టిన కథ అయినా గ్యాస్ మాత్రం ఖతార్ నుంచి కొనుక్కోవాల్సి వస్తోంది.

మొదటి పని: ఇప్పుడు ఎంత పోతోందో లెక్క రాయండి

కాగితం, పెన్ను చాలు. కాయిల్ లోపలి పరిమాణం 2 లీటర్లు, టెస్ట్ ప్రెషర్ గేజ్ మీద 20 బార్ అనుకుందాం. గేజ్ మీద 20 అంటే అసలు ప్రెషర్ 21 బార్. ఈ ఒక్క బార్ తేడా మర్చిపోయి లెక్కలు తప్పేవాళ్లను చాలామందిని చూశాను. 2×21, అంటే మామూలు ప్రెషర్ దగ్గర కొలిస్తే ఒక్కో కాయిల్‌కు 42 లీటర్ల హీలియం.

షిఫ్టుకు 600 కాయిల్స్, రెండు షిఫ్టులు. రోజుకు 1,200×42, సుమారు 50 ఘనమీటర్లు. 47 లీటర్ల సిలిండర్ 150 బార్‌తో వస్తే అందులో ఉండేది సుమారు 7 ఘనమీటర్లు. అంటే రోజుకు ఏడు సిలిండర్లు అనిపిస్తుంది. కానీ కాయిల్‌లోకి 20 బార్ నేరుగా నింపాలంటే సిలిండర్‌లో 20 బార్ మిగిలి ఉండగానే మార్చేయాలి. ఆ అడుగు గ్యాస్ సప్లయర్‌కే తిరిగి వెళ్తుంది, డబ్బు మాత్రం మీరు కట్టేశారు. కాబట్టి వాడకానికి వచ్చేది ఆరు ఘనమీటర్లే. రోజుకు ఎనిమిది సిలిండర్లకు పైనే, 300 పని దినాలకు దాదాపు 2,500 సిలిండర్లు. మీ సిలిండర్ ధరతో గుణించి ఆ కాగితాన్ని మేనేజర్ టేబుల్ మీద పెట్టండి.

రోజుకు ఒక్క సిలిండర్ కూడా ఖర్చు కాని చిన్న లైన్‌కు రికవరీ మెషీన్ వద్దనే చెబుతాను. మెయింటెనెన్స్ తలనొప్పికే డబ్బు సరిపోతుంది. అలాంటిచోట 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిపిన గ్యాస్‌తో స్నిఫర్ (లీకు గ్యాస్‌ను పసిగట్టే, చేత్తో పట్టుకునే పరికరం) టెస్ట్ చేసుకోవచ్చు. ఆ పాళ్లలో అది మండదు, చవక కూడా. లీక్ పరిమితి మరీ సన్నగా లేకపోతే అది చాలు.

రెండో పని: వెనక్కి తీసే ముందు వాడకం తగ్గించండి

దీనికి మెషీన్ అక్కర్లేదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. ముందు మామూలు పొడి గాలితో ప్రెషర్ పెట్టి, పెద్ద లీకులున్న కాయిల్స్‌ను అక్కడే పక్కకు తీసేయండి. జాయింట్ ఊడిన కాయిల్‌లోకి హీలియం నింపితే గ్యాస్ పోవడమే కాదు, ఛాంబర్ మొత్తం హీలియంతో నిండిపోయి డిటెక్టర్ తేరుకునేసరికి పది నిమిషాల ఉత్పత్తి పోతుంది. పైగా ప్రెషర్‌కు కాయిల్ పగిలే ప్రమాదం ఉంటే అది కూడా ఈ దశలోనే తేలిపోవాలి.

తర్వాత గొట్టాలు. ఛార్జింగ్ వాల్వు నుంచి, కాయిల్‌ను తగిలించే కప్లర్ దాకా మూడు మీటర్ల లావుపాటి గొట్టం ఉంటే, ప్రతి సైకిల్‌లో ఆ గొట్టాన్ని కూడా నింపుతున్నట్టే. వాల్వును కప్లర్ దగ్గరికి జరపండి. కంప్రెసర్ షెల్ లాంటి పెద్ద బోలు భాగాలైతే లోపల ప్లాస్టిక్ లేదా అల్యూమినియం దిమ్మ పెట్టి ఖాళీ తగ్గించవచ్చు. కాయిల్‌కు ఆ వీలు ఉండదు.

20 బార్ నిజంగా కావాలా అని డిజైన్ వాళ్లను ఒకసారి అడగండి. చాలాచోట్ల ఎప్పుడో ఎవరో రాసిన అంకె అలాగే నడుస్తూ ఉంటుంది. ప్రెషర్ తగ్గిస్తే లీక్ సిగ్నల్ కూడా తగ్గుతుంది కాబట్టి సెట్ పాయింట్ (కాయిల్‌ను రిజెక్ట్ చేసే లీక్ హద్దు) మార్చకుండా మాత్రం తగ్గించకండి.

మూడో పని: సైకిల్ వరస

వరస ఇలా ఉండాలి: కాయిల్ కప్లర్‌కు తగిలించడం, గాలితో పెద్ద లీకు చూడడం, ఆ గాలిని వదిలి వాక్యూమ్ లాగడం, హీలియం నింపడం, టెస్ట్, హీలియంను ట్యాంకుకు వెనక్కి తీయడం, మిగిలినదాన్ని రికవరీ వాక్యూమ్ పంపుతో లాగడం, చివరగా గాలి వదిలి కాయిల్ తీయడం.

ఇందులో వాక్యూమ్ రెండుసార్లు వచ్చింది. మొదటిది గాలిని బయటికి పారబోస్తుంది, రెండోది హీలియంను ట్యాంకులోకి పంపుతుంది. ఈ రెండింటికీ వేర్వేరు పంపులు పెట్టండి. ఖర్చు తగ్గుతుందని ఒకే పంపును వాల్వులతో అటూ ఇటూ తిప్పే డిజైన్లు కనిపిస్తాయి. ఆ వాల్వు సీటు కొంచెం అరిగితే చాలు, ఒక రోజు హీలియం బయటికి, ఇంకో రోజు గాలి ట్యాంకులోకి. దొరకబుచ్చుకోవడానికి నెల పడుతుంది.

వెనక్కి తీసేటప్పుడు ఎక్కడిదాకా లాగాలి? కాయిల్‌లో ప్రెషర్ 21 బార్ నుంచి 1 బార్‌కు దిగేదాకా తీస్తే, మిగిలేది 2 లీటర్లు. 42లో 2 అంటే 5 శాతం లోపే నష్టం. అంటే వాక్యూమ్ లేకుండానే 95 శాతం చేతికి వచ్చేసింది. పంపుతో 100 మిల్లీబార్ దాకా లాగితే నష్టం అర శాతం. ఆ పైన ఇంకా లాగితే సైకిల్ టైమ్ పెరుగుతుందే తప్ప పెద్దగా ఒరిగేది లేదు.

రెండు ఛాంబర్లు ఉన్నవాళ్లకు ఒక మంచి ఉపాయం ఉంది. ఒకదాంట్లో టెస్ట్ అయిపోయిన కాయిల్‌ను, పక్క ఛాంబర్‌లో గాలి తీసేసి సిద్ధంగా ఉన్న కాయిల్‌కు నేరుగా కలిపితే సగం హీలియం దానంతటదే అటు పోతుంది. 21 బార్ రెండింటిలో పదిన్నర చొప్పున సర్దుకుంటుంది. హీలియంను ట్యాంకులోకి నొక్కే రికవరీ కంప్రెసర్ మీద పని సగమవుతుంది. మధ్యలో ఫిల్టర్ మాత్రం పెట్టండి, లేకపోతే ఒక కాయిల్‌లోని బ్రేజింగ్ మసి ఇంకో కాయిల్‌లోకి చేరుతుంది.

నాలుగో పని: సామాన్లు ఎంచుకోవడం

షెడ్డులో ఖాళీగా ఉన్న ఎయిర్ కంప్రెసర్‌ను హీలియంకు వాడేద్దాం అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దు. హీలియంను నొక్కితే గాలి కంటే చాలా ఎక్కువ వేడెక్కుతుంది. 27 డిగ్రీల దగ్గర ఉన్న గాలిని ఒకే స్టేజీలో నాలుగు రెట్లు నొక్కితే లెక్క ప్రకారం 173 డిగ్రీలకు వెళ్తుంది, హీలియం 249 డిగ్రీలకు వెళ్తుంది. వాల్వులు, సీళ్లు, ఆయిల్ అన్నీ గాలిని దృష్టిలో పెట్టుకుని చేసినవే. అందుకే హీలియం కంప్రెసర్లలో స్టేజీలు ఎక్కువ, ఒక్కో స్టేజీలో నొక్కేది తక్కువ, మధ్యలో కూలర్లు. ఇంకో సంగతి, పిస్టన్ రింగులను దాటి కిందికి జారిన గ్యాస్ మామూలు కంప్రెసర్‌లో క్రాంక్‌కేస్ బ్రీదర్ (కంప్రెసర్ కింది పెట్టెకు ఉండే గాలి రంధ్రం) నుంచి బయటికి పోతుంది. గాలి అయితే పోతే పోయింది. హీలియంకు ఆ బ్రీదర్‌ను తిరిగి సక్షన్‌కు, అంటే గ్యాస్ పీల్చుకునే వైపుకు, కలపాలి. ఆయిల్ లేని కంప్రెసర్ దొరికితే ఇంకా మేలు, ఎందుకంటే కాయిల్ లోపల ఆయిల్ తేమ చేరితే తర్వాత గ్యాస్ ఛార్జింగ్ వాళ్లు మన మీదికి వస్తారు.

సైజు సంగతి. గంటకు 75 కాయిల్స్, ఒక్కోటి 42 లీటర్లు, అంటే గంటకు సుమారు 3.2 ఘనమీటర్లు. 5 ఘనమీటర్ల కంప్రెసర్ తీసుకుంటే కాస్త ఊపిరి ఉంటుంది. కంప్రెసర్ ముందు ఒక లో ప్రెషర్ ట్యాంకు, తర్వాత ఒక హై ప్రెషర్ ట్యాంకు. రెండూ 500 లీటర్లవి అనుకుందాం. హై ప్రెషర్ ట్యాంకును 35, 25 బార్‌ల మధ్య నడిపిస్తే చేతిలో 5,000 లీటర్లు ఉన్నట్టే, అంటే కంప్రెసర్ ఆగినా సుమారు 120 కాయిల్స్ నడుస్తాయి. లో ప్రెషర్ ట్యాంకు ఎప్పుడూ బయటి గాలి ప్రెషర్ కంటే కాస్త పైనే ఉండాలి. కిందికి దిగితే ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి గాలిని పీల్చుకుంటుంది. ఆ ట్యాంకు బదులు రబ్బరు సంచి పెట్టకండి. సాయంత్రం ఊదిన హీలియం బెలూన్ మర్నాటికి ఎందుకు వాడిపోతుందో ఈ సంచీ అందుకే ఖాళీ అవుతుంది.

రికవరీ వాక్యూమ్ పంపులో గ్యాస్ బల్లాస్ట్ అని ఒక చిన్న నాబ్ ఉంటుంది. పంపులో తేమ పేరుకోకుండా కొంచెం గాలి లోపలికి వదలడానికి అది. మెయింటెనెన్స్ కుర్రాడు అలవాటు కొద్దీ దాన్ని తెరిచి ఉంచితే, పంపు తిరిగినంతసేపూ ట్యాంకులోకి గాలి. ఆ నాబ్‌ను మూసి సీల్ వేయండి.

గేజ్‌ల దగ్గర ఇంకో మోసం ఉంది. పిరానీ గేజ్ గ్యాస్ వేడిని మోసే తీరును బట్టి ప్రెషర్ చెబుతుంది, గాలికే సరిగ్గా చూపిస్తుంది. హీలియం ఉన్నచోట దాని మాట నమ్మకూడదు. రికవరీ వైపు డయాఫ్రమ్ రకం గేజ్ పెట్టండి.

ఐదో పని: స్వచ్ఛత, అసలు గొడవంతా ఇక్కడే

కాయిల్‌లోని గాలిని 10 మిల్లీబార్ దాకా లాగి హీలియం నింపారనుకుందాం. లోపల మిగిలిన గాలి 0.02 లీటర్లు, 42లో 0.05 శాతం. ఇంత తక్కువ గాలితో ఏమవుతుంది అనిపిస్తుంది. కానీ ఆ గాలి హీలియంతో పాటు ట్యాంకులోకి వెళ్తుంది. తర్వాతి కాయిల్‌లో ఇంకొంచెం, దాని తర్వాత ఇంకొంచెం. బయటికి పోయేదారి ఏది? మీరు వెనక్కి తీయలేక వదిలేసిన ఆ కొద్ది శాతం గ్యాస్‌తోనే పోవాలి. వదిలేది తగ్గితే గాలి పేరుకునేది పెరుగుతుంది.

లెక్క తేలిక. ట్యాంకులో చివరికి నిలదొక్కుకునే గాలి శాతం = ప్రతి ఛార్జితో చేరే గాలి శాతం × రికవరీ శాతం ÷ పోయే శాతం.

10 మిల్లీబార్ వాక్యూమ్, 95 శాతం రికవరీ అయితే 0.05×95÷5, ఒక శాతం లోపే గాలి. చక్కగా ఉంది. అదే వాక్యూమ్, 99 శాతం రికవరీ అయితే 0.05×99÷1, దాదాపు 5 శాతం. ఇప్పుడు పంపు ఆయిల్ పాడై వాక్యూమ్ 50 మిల్లీబార్ దగ్గరే ఆగిపోయిందనుకోండి. చేరే గాలి 0.24 శాతం. 95 శాతం రికవరీతో నాలుగున్నర, 99 శాతం రికవరీతో 23 శాతానికి పైగా! ఖరీదైన మెషీన్ ట్యాంకులో నాలుగో వంతు గాలి. 99 శాతం రికవరీ కావాలంటే ముందు వాక్యూమ్‌ను 1 మిల్లీబార్ దాకా తీసుకెళ్లే పంపు కొనండి, అప్పుడు గాలి అర శాతం దగ్గర ఆగుతుంది.

ఇది నేను కళ్లారా చూసిందే. ఒక ప్లాంట్‌లో రికవరీ పెట్టిన నెలకు లీక్ రిజెక్షన్లు బాగా తగ్గాయి. బ్రేజింగ్ టీమ్‌కు చప్పట్లు కూడా కొట్టారు. తర్వాత ఫీల్డ్ నుంచి గ్యాస్ లేదన్న కంప్లయింట్లు మొదలయ్యాయి. చూస్తే వాక్యూమ్ స్టెప్ టైమర్ మీద నడుస్తోంది. 12 సెకన్లు కాగానే పంపు ఎంత లాగిందో చూడకుండా తర్వాతి స్టెప్‌కు వెళ్లిపోతోంది. వాక్యూమ్ 50 మిల్లీబార్ దగ్గరే ఆగుతున్నట్టు ఎవరికీ తెలియలేదు. ట్యాంకులో హీలియం పలచబడింది, కాబట్టి లీకు ఉన్నా డిటెక్టర్‌కు తక్కువ కనిపించింది, కాయిల్ పాస్ అయింది. రిజెక్షన్లు తగ్గడానికి కారణం బ్రేజింగ్ కాదు.

కాబట్టి వాక్యూమ్ స్టెప్‌కు టైమర్ కాదు, గేజ్ ఆధారం కావాలి. ఆ ప్రెషర్‌కు దిగకపోతే సైకిల్ ఆగి అలారం కొట్టాలి. పొడవాటి సన్నని ట్యూబులున్న కాయిల్ అయితే పంపు దగ్గర గేజ్ 10 చూపిస్తున్నా అవతలి కొసలో ఇంకా చాలా గాలి ఉంటుంది. వీలైతే రెండు కొసల నుంచీ లాగండి, కుదరకపోతే గేజ్‌ను అవతలి కొసన పెట్టండి.

ట్యాంకు నుంచి ఛార్జింగ్‌కు వెళ్లే లైన్‌లో ప్యూరిటీ మీటర్ తప్పనిసరి. హీలియం వేడిని గాలి కంటే ఆరు రెట్లు బాగా మోస్తుంది, ఆ తేడాను బట్టి పనిచేసే మీటర్ చాలు. దీన్ని స్వచ్ఛమైన హీలియంతో ఒకసారి, తెలిసిన పాళ్లలో కలిపిన గ్యాస్‌తో ఇంకోసారి సరిచూడాలి. హీలియం మీరు పెట్టుకున్న హద్దు కంటే తగ్గితే ట్యాంకు నుంచి కొంత వదిలేసి కొత్త సిలిండర్ కలపడమే చవకైన వైద్యం. సన్నని పొరతో గాలిని వేరుచేసే మెంబ్రేన్ ప్యూరిఫయర్లు ఉన్నాయి, పెద్ద ప్లాంట్లకు సరే, ఒకటి రెండు ఛాంబర్ల లైన్‌కు అంత అవసరం రాదు.

ఆరో పని: సెట్ పాయింట్ దిద్దుకోవడం

నూటికి నూరు శాతం హీలియం ఉండక్కర్లేదు. 85 శాతంతో కూడా బ్రహ్మాండంగా టెస్ట్ చేయవచ్చు, ఎంత ఉందో తెలిస్తే. గాలి, హీలియం చిక్కదనం దాదాపు ఒకటే కాబట్టి సిగ్నల్ హీలియం పాళ్లను బట్టి నేరుగా తగ్గుతుందని లెక్క వేసుకోవచ్చు. నూరు శాతం దగ్గర రిజెక్ట్ హద్దు 5×10⁻⁵ అయితే, 85 శాతం దగ్గర 4.25×10⁻⁵ పెట్టాలి. ప్యూరిటీ మీటర్ అంకెను పీఎల్‌సీకి (మెషీన్‌ను నడిపే కంట్రోలర్‌కు) కలిపి ఇది దానంతటదే మారేలా చేయించుకోండి.

డిటెక్టర్ రోజూ క్యాలిబ్రేట్ అవుతోంది కదా అని ధీమాగా ఉండకండి. సరిచూసుకోవడానికి డిటెక్టర్ లోపల పెట్టిన క్యాలిబ్రేషన్ లీక్‌లో ఉండేది దాని సొంత స్వచ్ఛమైన హీలియం. మీ ట్యాంకులో సగం గాలి ఉన్నా అది "అంతా ఓకే" అనే చెబుతుంది. అందుకే షిఫ్టు మొదట్లో మాస్టర్ పీస్ నడపాలి. అంటే తెలిసిన లీకు బిగించిన కాయిల్‌ను మీ ట్యాంకు గ్యాస్‌తోనే నింపి, మెషీన్ దాన్ని రిజెక్ట్ చేస్తోందా అని చూడడం. ఇందాక చెప్పిన ప్లాంట్‌లో మాస్టర్ పీస్ ఉంది. ఎక్కడ? అల్మరాలో.

మిగిలిన గ్యాస్ ఎటు పోతోంది

రికవరీ అయ్యాక కాయిల్‌లో మిగిలిన హీలియంను, ఛాంబర్ పంపు ఎగ్జాస్ట్‌ను పైపుతో షెడ్డు పైకి తీసుకెళ్లి వదలండి. 1 బార్ దగ్గర ఆపేవాళ్లు గంటకు 75 కాయిల్స్‌తో 150 లీటర్లు వదులుతారు. గాలి ఆడని 5,000 ఘనమీటర్ల షెడ్డులో అది గంటకు పది లక్షల్లో 30 పాళ్లు పెంచుతుంది. సహజంగా ఉండేది 5 పాళ్లే అని గుర్తుంచుకోండి. పక్క లైన్‌లో స్నిఫర్ పట్టుకున్న మనిషికి ఇక ప్రతి కాయిలూ లీకే.

హీలియం విషం కాదు, మండదు. కానీ మూసి ఉన్న గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది, అదీ పై భాగంలో ముందు. ట్యాంకుల గదిలో ఆక్సిజన్ అలారం 19.5 శాతం దగ్గర మోగేలా పెట్టండి. 1,000 లీటర్లు దాటిన ప్రెషర్ ట్యాంకు అయితే ప్రెషర్ ట్యాంకులకు వర్తించే 2016 నాటి ఎస్‌ఎంపీవీ నియమాలు, నాగపూర్‌లోని కేంద్ర భద్రతా సంస్థ పెసో అనుమతులు చూసుకోవాలి. చిన్న ట్యాంకు అయినా టెస్ట్ సర్టిఫికెట్, సేఫ్టీ వాల్వు లేకుండా తీసుకోకండి.

రోజువారీ రిజిస్టర్

95 శాతం రికవరీ అంటే రోజుకు రెండున్నర ఘనమీటర్లు పోవాలి. కంప్రెసర్ ట్యాంకును నింపుతుంది కాబట్టి సిలిండర్‌ను ఇప్పుడు దాదాపు అడుగుదాకా వాడుకోవచ్చు. ఆ లెక్కన మూడు రోజులకు ఒక సిలిండర్ మార్చాలి. రోజుకు ఒకటి మారుతుంటే ఎక్కడో లీకు ఉంది. లీకు పట్టే లైన్‌లోనే లీకు ఉండడం కొత్తేమీ కాదు. మొదట కప్లర్ సీళ్లు చూడండి, చాలాసార్లు అక్కడే ఉంటుంది. తర్వాత సేఫ్టీ వాల్వు, ఆ తర్వాత కంప్రెసర్ షాఫ్ట్ సీలు.

శనివారం రాత్రి షిఫ్టు అయ్యాక ట్యాంకు వాల్వులు మూసి, గేజ్, గది ఉష్ణోగ్రత రాసిపెట్టండి. సోమవారం ఉదయం మెషీన్ ఆన్ చేయకముందే మళ్లీ చూడండి. 3 డిగ్రీలు చల్లబడితే 30 బార్ ట్యాంకులో 0.3 బార్ దానంతటదే తగ్గుతుంది, అంతవరకు కంగారు లేదు. అది పోగా ఒక బార్ తగ్గిందంటే ఆదివారం ఎవరూ లేనప్పుడు 500 లీటర్లు బయటికి పోయినట్టు. స్నిఫర్ తీసుకుని ముందు ట్యాంకు దగ్గరికే వెళ్లండి.